బాపు లాంచీ ఎక్కుతాడా

ఇదొక మహా సాహసగాథ. ఇందులో అంతులేని జలరాశి ఉంది, ఎముకలు కొరికే చలి ఉంది, మృత్యువుకు ఎదురు నిలిచిన ఒక వీరుడున్నాడు, ఆ వీరుడి వెన్నంటి నడిచిన ఒక స్త్రీ ఉంది. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

సరే, అంత లేదు. జలరాశి అంటే నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీ తిరిగే కృష్ణా నది. చలి అంటే కార్తీక మాసపు చలి, స్వెటర్ వేసుకుంటే పోతుంది. స్త్రీ మా అవ్వ, అంటే అమ్మ. వీరుడు మా బాపు, అంటే నాన్న. ఆయన ఈ కథలో ఎక్కువ భాగం పోవాలా వద్దా అని ఆలోచిస్తూ ఇంట్లోనే ఉంటాడు. పిల్లలను పంపించేయండి, ఆడుకుంటారు.

మేముండేది సిద్దిపేట పట్టణం అయిపోయి పొలాలు మొదలయ్యే చోట. బాపు కల్లు గీస్తాడు. నేను బస్టాండు దగ్గర ఒక మొబైల్ దుకాణంలో ఫోన్లకు అద్దాలు అతికిస్తాను. అవ్వ ఇంటినీ, మా ఇద్దరినీ, తీరిక ఉంటే తన మహిళా సంఘాన్నీ నడిపిస్తుంది.

ఆ సంఘం వాళ్లే పోయిన కార్తీకంలో యాత్ర పెట్టుకున్నారు. బస్సులో సాగర్, అక్కడి నుంచి పొద్దంతా లాంచీ, చీకటి పడేసరికి శ్రీశైలం, దర్శనం, మరునాడు బస్సులో ఇంటికి. జంటలుగానే పోవాలని వాళ్లలో వాళ్లే తీర్మానం చేసుకున్నారు. మొగుడు రానంటే ఆ సీట్లు ఇంకో జంటకు పోతాయి. ఏ సంగతీ శుక్రవారం లోపల చెప్పాలి.

అవ్వ ఈ మాట బాపుకు అన్నం పెట్టాక చెప్పింది. ముఖ్యమైనవన్నీ ఆమె ఆయన నోట్లో ముద్ద ఉన్నప్పుడే చెబుతుంది. వెంటనే వద్దనడానికి వీలుండదు.

"ఏమయ్యా, లాంచీల పోదం. ఇద్దరం."

బాపు ముద్ద మింగాడు. "చెట్లెవరు గీస్తరే?"

ఇక్కడ ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. చలికాలం ఈత కల్లుకు పెళ్లిళ్ల సీజన్ లాంటిది. పొద్దున ఎక్కి దించాలి, సాయంత్రం ఎక్కి గీయాలి. చెట్టుకు ఆదివారం తెలియదు. అందుకని పెళ్లయిన నాటి నుంచీ ఏ చలికాలంలోనూ బాపు బయట ఒక రాత్రి పడుకోలేదు. ఎవరి పెళ్లికైనా ఇద్దరూ పోతే సాయంత్రానికల్లా తిరిగి వస్తారు. అక్కడ కూడా ఆయన మగవాళ్లలో, అవ్వ ఆడవాళ్లలో. ఇద్దరూ ఒక్కచోట కనబడేది ఫొటోలోనే, అదీ ఫొటోగ్రాఫర్ కేకలేస్తే.

"మా తమ్ముడు గీస్తడు," అంది అవ్వ.

మా మేనమామదీ అదే పని, పక్క ఊళ్లోనే ఉంటాడు. సమస్య తీరిపోయిందనుకుని నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

"వాని చెయ్యి మొరటు," అన్నాడు బాపు. "వాడు గీస్తడా, చెక్కుతడా? చెట్టు అలిగిందంటే నెల దాక కల్లియ్యది."

"చెట్టు అలుగుతదా?" అంది అవ్వ.

"నువ్వు అలుగుతలేవా?"

చెట్టు సంగతి తెలియదు గానీ, అవ్వ అలిగిందని ఆ రాత్రి చారులో తెలిసింది. ఉప్పు లేదు.

మరునాటికి కారణం మారింది. ఇప్పుడు చలి. "నీళ్ల మీది గాలి వేరే ఉంటది. ఛాతిలకు దిగుతది," అన్నాడు బాపు. ఈ మాట అంటున్నప్పుడు ఆయన ఒంటి మీద ఒక్క బనియను ఉంది. అప్పుడే మంచులో చెట్లన్నీ ఎక్కి దిగి వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాల తప్ప ఆ మనిషికీ చలికాలానికీ ఏ సంబంధమూ కనబడలేదు.

నేను అవ్వ పక్షం. ఫోన్‌లో లాంచీ వీడియో చూపించాను. రెండు పక్కలా కొండలు, మధ్యలో పచ్చటి నీళ్లు, వెనక గుండె కరిగే పాట.

"గీ పాట లాంచీల పెడ్తరా?"

"పెట్టరు బాపూ. వీడియోకు పెట్టిన్రు."

"అంటే పాట లేకుంటె సూడబుద్ధి కాదన్నట్టు."

వీడియో పని చేయకపోయేసరికి ఆదివారం ఆయన్ను మా ఊరి కోమటి చెరువుకు తీసుకుపోయాను. ముందు చిన్న పడవ ఎక్కిస్తే పెద్దది దానంతటదే అలవాటవుతుందని నా పథకం. బాపు కట్ట మీద నిలబడి మక్కకంకి తిన్నాడు. పడవలు పోవడం చూశాడు, రావడం చూశాడు. పోయినవన్నీ వచ్చాయా లేదా అని సరిచూసుకుంటున్నాడేమో అనిపించింది.

"ఎక్కుదమా బాపూ?"

"చూసిన గద. చాలు."

"చూస్తే ఎట్ల చాలుతది?"

"ఇంకో కంకి తిందం పా."

రెండో కంకి దగ్గర నాకు అనుమానం మొదలైంది. గాలిలో వేలాడుతూ బతికే మనిషి నీళ్లకు అంత దూరంగా ఎందుకు నిలబడ్డాడు?

ఈలోగా విషయం మండువకు చేరింది. మండువ అంటే చెట్ల కింద కూర్చుని కల్లు తాగే చోటు. మా వైపు అక్కడికి చేరని విషయం ఉండదు. అక్కడ బాపుకు ఇద్దరు పెద్ద సలహాదారులున్నారు. ఒకరు పింఛను తీసుకునే సారు, ఇంకొకరు ఆటో నడిపే బావ. రెండు రోజులు బాపు ఊళ్లో లేకపోతే, మా మేనమామ మొరటు చేత్తో గీసిన కల్లు తాగాల్సి వస్తుందని వాళ్ల భయం. కానీ అట్లా అంటే బాగుండదు కదా, అందుకని బాపు ప్రాణాల గురించి మాట్లాడారు.

"నీ మంచికే చెప్తున్న," అన్నాడు సారు. "నీళ్లతోని పరాచికాలొద్దు."

"లాంచీకి బ్రేకు గూడ ఉండదట బావా," అన్నాడు ఆటో బావ.

"నీ ఆటోకు ఉన్నదా?" అన్నాను నేను. "సార్, మీరు ఎన్నడన్న లాంచీ ఎక్కిన్రా?"

"ఎక్కలె. గందుకే బతికున్న."

బాపు ఒక్కో మాటకూ తల ఊపుతూ కల్లు వంచుతున్నాడు. ఆ రోజు గ్లాసులు అంచు దాకా నిండాయి.

అప్పుడే అవ్వ వచ్చింది. మామూలుగా ఆమె మండువ వైపు రాదు. వచ్చిందంటే ఎవరికో మూడిందని అర్థం.

"ఏం సార్, నా మొగడు మునుగుతడని బాధనా, మీ గ్లాసు ఎండుతదని బాధనా?"

"అట్ల కాదమ్మా, ఆరోగ్యం..."

"రెండు పొద్దులు మీరు ఇంటి పట్టున ఉంటే మీ ఇంటామె పండుగ చేసుకుంటది." తర్వాత ఆటో బావ వైపు తిరిగింది. "తమ్మీ, నీకు ముచ్చట తెల్వదా? నీ పెండ్లాం గూడ మా సంఘమే గద. మీ ఇద్దరి పేర్లు మొన్ననే రాయించింది."

"ఏడికక్కా?" ఆటో బావ గొంతు సన్నబడింది.

"గా బ్రేకుల్లేని లాంచీకి."

ఆటో బావ గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తి మొత్తం తాగేశాడు. ఆ రోజు సభ అంతటితో ముగిసింది.

గురువారం సాయంత్రం దాకా కూడా బాపు అవుననలేదు, కాదనలేదు. అరుగు మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను. ఇంటికి ఇంకో గుమ్మం లేదు కాబట్టి వినక తప్పలేదు.

"రేపు చెప్పాలె. రాకుంటె రానని చెప్పు. ఇంకో సాకు మాత్రం చెప్పకు."

కత్తి రాయి మీద అటూ ఇటూ నడిచింది.

"నీకెందుకే గంత పట్టు? శ్రీశైలం బస్సుల పోరాదా?"

"శ్రీశైలం కోసమని ఎవరన్నరు?" అంది అవ్వ. "పొద్దు పొడిచినకాడికెళ్లి పొద్దు గూకేదాక ఒక్క కాడ కూసోవాలె. నువ్వు, నేను. నీ చేతిల కత్తి ఉండొద్దు, నా చేతిల గంటె ఉండొద్దు. బస్సుల అయితే నువ్వు చాయ్ కోసమని దిగుతవ్, బీడీ కోసమని దిగుతవ్. లాంచీల అయితే లేచి యాడికి పోతవ్? సుట్టు నీళ్లే."

ఈ మాటకు నా కళ్లు చెమర్చాయని రాస్తే అందంగా ఉంటుంది. నిజానికి నాకు భయమేసింది. మొగుణ్ని ఒకచోట కూర్చోబెట్టడానికి ఆమె ఏకంగా ఒక నదిని వాడుకుంటోంది.

బాపు నూరడం ఆపాడు.

"చెట్టు మీద మోకు ఉంటది," అన్నాడు. మోకు అంటే చెట్టునూ గీసేవాడి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. "కాలు జారినా అది పట్టుకుంటది. నీళ్ల మీద నన్నేది పట్టుకుంటది? నాకు భయమే, ఏం చెయ్యాలె."

"లైఫ్ జాకెట్ ఇస్తరు బాపూ," అన్నాను.

"దాంట్ల ఏముంటది?"

"స్పాంజి."

"పరుపుల పెట్టే స్పాంజా? దాన్ని నమ్ముకోని నది మీద పోవాల్నా?"

నా దగ్గర మంచి జోకులు రెండున్నాయి. అవ్వ నా వైపు ఒక చూపు చూసింది. రెండూ మింగేశాను. ఇక్కడ కూడా రాయడం లేదు, ఆమె నాతోనే చదివించుకుని వింటుంది.

"గంతేనా?" అంది ఆయనతో. "మరి మోకు తెచ్చుకో."

"లాంచీలకా?"

"లాంచీకి కమ్మి ఉండదా? కట్టుకో. ఎవడొద్దంటడు?"

"నవ్వుతరే."

"నవ్వనీ. నువ్వు పడకుంటె సాలు."

చెప్పి, పొయ్యి మీద అన్నం మాడుతోందని లోపలికి పోయింది. ఇన్ని రోజుల మహా సంకటం అట్లా తెగిపోయింది. అన్నం మాత్రం కొంచెం మాడింది.

నాకు జంట లేదు కాబట్టి సంచులు మోసేవాడిగా నన్ను కూడా బస్సెక్కించారు. ప్రజ్ఞాపూర్‌లో చాయ్‌కి ఆగితే అందరి భుజాలకూ శాలువాలు, బాపు భుజానికి మోకు. సాగర్‌లో లాంచీ మనిషి దాన్ని పైకీ కిందకీ చూశాడు.

"పెద్దాయనా, గిదేంది?"

"మోకు."

"ఎందుకు?"

"అలవాటు."

ఆ జవాబులో ఏం కనిపించిందో, అతను పక్కకు జరిగి దారిచ్చాడు.

బాపు పైన నారింజ రంగు జాకెట్ తగిలించుకుని, కమ్మి పక్కన కూర్చుని, కమ్మినీ నడుమునూ కలిపి మోకు వేసుకున్నాడు. వదులైంది. చెట్టు లావుకు చేసిన మోకు, కమ్మి సన్నం. ఒక్క క్షణం ఆలోచించి, అవ్వను చెయ్యి పట్టి దగ్గరికి లాగి, ఆమెను కూడా కలిపి చుట్టి ముడి వేశాడు. సంఘం మొత్తం ఈలలు వేసింది. దాన్ని ప్రేమ అనుకునేరు. మధ్యలో అవ్వ ఉంటే మోకు సరిగ్గా సరిపోయింది, అంతే.

సాయంత్రం దాకా ఇద్దరూ దాదాపు లేవలేదు. లేవాలంటే ముడి విప్పాలి. గాలి చల్లగా కొడుతోంది, నీటి తుంపర మీద పడుతోంది. మధ్యాహ్నం పులిహోర ఇవ్వడానికి దగ్గరికి పోతే బాపు మాట వినబడింది. "మీ తమ్ముడు గీసిండో లేదో."

"గీస్తడు గని, గా కొండ సూడు," అంది అవ్వ.

ఆయన కొండ చూశాడు. ఆమె ఆయన్ను చూసింది. మోకు కొస కొంత మిగిలి ఉంటే ఆటో బావ వచ్చి దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"మడత పడ్తదని పట్టుకున్న," అన్నాడు నాతో. శ్రీశైలం వచ్చేదాకా మడత పడనివ్వలేదు.

తిరిగి వచ్చేసరికి చెట్లేవీ అలగలేదు. మేనమామ చక్కగా గీశాడు. సారు మాత్రం గ్లాసు పట్టుకుని మా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. బాపు కత్తి తీసుకున్నాడు, మోకు భుజాన వేసుకున్నాడు, చెయ్యి ఆనించి చూశాడు. నది తుంపరకు తడిసి, సంచిలో చుట్టగా ఉండి, ఇంకా ఆరనే లేదు. తడి మోకు జారుతుంది, దానితో చెట్టెక్కకూడదు. అవ్వ తమ్ముడికి ఫోన్ చేసి, మోకు ఆరేదాకా నువ్వే గీయాలని చెప్పింది. తర్వాత ఆ మోకును ఇంటి వెనక్కి తీసుకుపోయి, గోడ నీడలో ఉన్న దండెం మీద వేసింది.

తడిసిన మోకు ఎండకు వేస్తే రెండు రోజుల్లో ఆరుతుంది. నీడకు వేస్తే నాలుగు రోజులు పడుతుంది.