కత్తెర మేడం వద్దన్న ప్రకటన

ఆ పత్రికాఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ కత్తెర మేడమే. కింది అంతస్తులో మెట్ల పక్కన, అద్దం వెనక, చిన్న ప్రకటనలు రాయించుకునే కౌంటరు ఇరవై రెండేళ్లుగా ఆవిడది. కుట్టుమిషను అమ్మేవాళ్లు, గది అద్దెకిచ్చేవాళ్లు, కుక్క తప్పిపోయిందని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు, ఎవరైనా ఆ అద్దం ముందుకు రావలసిందే. చాలామంది పేజీలకు పేజీలు రాసుకొచ్చేవారు. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఎర్ర పెన్ను తీసి, కొట్టివేతలు మొదలుపెట్టేది.

"అయ్యా, ఈ బీరువా మీ మామగారిచ్చారని కొనేవాడికెందుకండీ? ఎత్తెంత, అరలెన్ని, తాళం పడుతుందా లేదా, అది చెప్పండి."

"తాళం కాస్త బిగుసుకుంటుందమ్మా."

"అదీ రాద్దాం. ఇంటిదాకా వచ్చి చూసి తిట్టుకునే కంటే ముందే తెలిస్తే నయం కదా."

మాటకింత అని తీసుకునే చోట కూర్చుని మాటలు తగ్గించే మనిషిని చూసి పై అంతస్తువాళ్లు తల పట్టుకునేవారు. జనం మాత్రం ఆవిడ ఉందో లేదో కనుక్కుని మరీ వచ్చేవారు.

ఇంట్లో ఆవిడకో పెద్ద విమర్శకురాలు ఉండేది. అత్తగారు. పొద్దున్నే భూతద్దం పట్టుకుని పేపరు వెనక పేజీ నుంచి చదవడం ఆ పెద్దావిడ అలవాటు.

"ఏమే, ఈ సైకిలు కొత్తదానిలాగే ఉందని వేశావు. నువ్వు చూశావా?"

"నేనెక్కడ చూస్తానత్తయ్యా? సైకిలు కౌంటరెక్కి కూర్చుంటుందా?"

"ఏమో తల్లీ. మీ పేపర్లో పడిందంటే మీరు చూసినట్టేనని జనం అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నా ఇన్నాళ్లూ."

కోడలు నవ్వేసి చెప్పులేసుకుంది గానీ ఆ మాట దారంతా ఆవిడతోనే నడిచింది.

పత్రిక వాళ్లు వెబ్‌సైటు, ఫోన్లలో చూసుకునే యాప్ మొదలుపెట్టిన ఏడాది అది. ప్రకటనలు తగ్గిపోయి ప్రకటనల మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అలాంటి సమయంలో ఇస్త్రీ నలగని చొక్కాతో ఒకాయన వచ్చాడు. విదేశాల్లో గిడ్డంగి ఉద్యోగాలట. నెల రోజులు మొదటి పేజీలో పడాలి, వెబ్‌సైటు పైభాగాన కనిపించాలి, యాప్ ఉన్న ప్రతి ఫోనూ మోగాలి. మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఆయనిచ్చిన ప్రకటన కాగితం కాస్త సరిచేసి పంపమని కిందికి పంపించాడు.

కత్తెర మేడం పెన్ను తీసింది. "సువర్ణావకాశం" కొట్టేసింది. "మీ కలల జీవితం" కొట్టేసింది. "నేడే త్వరపడండి" కొట్టేసింది. కొట్టగా కొట్టగా చివరికి ఒక ఫోను నంబరు, ఒక చిరునామా మిగిలాయి. కంపెనీ ఏదో లేదు, చేయాల్సిన పనేమిటో లేదు, ఎన్ని గంటలో లేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ భోజనం డబ్బా విప్పలేదు. రెండు బస్సులు మారి ఆ చిరునామాకు వెళ్లింది. మూడో అంతస్తులో పళ్ల డాక్టరు గది, దానెదురుగా తాళం వేసిన ఇంకో గది.

"ఇక్కడ ఉద్యోగాలిచ్చే ఆఫీసేదైనా ఉందాండీ?"

డాక్టరు దగ్గర చీట్లు రాసే ఆయన విచిత్రంగా చూశాడు. "ఆ గదిలో మా పాత కుర్చీలున్నాయమ్మా. నాలుగేళ్లుగా తాళం తీసింది లేదు."

తిరిగొచ్చి నేరుగా పైకెళ్లి చెప్పింది. మేనేజరు కుర్చీలోంచి లేచాడు.

"మేడం, మీరు పోలీసులా? ప్రకటన మనది కాదు, వాళ్లది. నమ్మడం నమ్మకపోవడం చదివేవాళ్ల ఇష్టం."

"చదివేవాళ్లు వాళ్లని నమ్మరు సార్, మనల్ని నమ్ముతారు. మీ తమ్ముడుగారు ఉద్యోగం వెతుక్కుంటున్నారు కదా? ఆయన్ని పంపిస్తారా అక్కడికి?"

మేనేజరు కాగితం సొరుగులో పడేశాడు. ప్రకటన పడలేదు. కానీ కోపం ఎక్కడో ఒకచోట బయటికి రావాలిగా! వారం తిరగకుండా ఆవిణ్ణి కౌంటరు నుంచి తీసి పై అంతస్తులో వెబ్‌సైటు ప్రకటనల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. యాభై ఒకటో ఏట కంప్యూటరు ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. రెండుసార్లు ఎవరివో ఇంటి అద్దె ప్రకటనలు చెరిపేసి, వాళ్లకు తనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంది.

ఆ ఫోన్లలోనే ఆవిడకు అసలు సంగతి తెలిసింది. సైటులో ఎవరికి తోచింది వాళ్లు పెట్టేసుకుంటున్నారు, అడిగే దిక్కు లేదు. ఎప్పుడో అమ్ముడుపోయిన స్కూటర్లు ఇంకా అమ్మకానికే ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది.

"నమస్కారమండీ, పేపరాఫీసు నుంచి. మీ మంచం ఇంకా ఉందా, పోయిందా?"

పోయినవి తీసేసింది. అనుమానం కలిగినవి ఆపేసింది. ఉన్నవాటి కింద "ఫోన్ చేసి కనుక్కున్నాం" అని తేదీ వేసింది. చూసి పక్క బల్లలవాళ్లు నవ్వారు. రెండు నెలలయ్యేసరికి దుకాణాలవాళ్లే ఫోన్ చేసి, "మా దానికింద ఆ లైను పడలేదేమండీ?" అని అడగసాగారు.

ఈలోగా ఆ ఇస్త్రీ చొక్కా ఆయన ప్రకటన గోడల మీద పోస్టర్లుగా వెలిసింది. ఒక సోమవారం పొద్దున పళ్ల డాక్టరు మెట్ల మీద నలభై మంది పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. డబ్బు కట్టించుకున్నవాడు ఫోనెత్తలేదు. ఆ వార్త రాసింది కూడా ఈ పత్రికే.

మేనేజరు ఆ సాయంత్రం ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి, కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"అది మన పేపర్లో పడుంటే నేనీ ఊళ్లో తలెత్తుకుని తిరగలేకపోయేవాణ్ని మేడం. తప్పు నాదే. మీ కౌంటరు మీరు తీసుకోండి."

"తీసుకుంటాను సార్. ఈ కంప్యూటరు కూడా కిందికి పంపించండి. ఫోన్లు మానను."

ఒప్పుకున్నాడు. అప్పటినుంచి పేపరు, సైటు, ఫోను అన్నీ ఆ ఒక్క అద్దం వెనకే.

మొన్నామధ్య మొక్కలు పెంచి అమ్మే ఒకావిడ వచ్చి, తన ప్రకటనకు ఉన్నవన్నీ కావాలంది. మొదటి పేజీ కూడా.

"మీ బండి ఎంతదూరం వెళ్తుందమ్మా మొక్కలేసుకుని?"

"చుట్టుపక్కల నాలుగైదు వీధులు."

"మరి జిల్లా మొత్తానికి చెప్పి ఏం చేస్తారు? ఆ వీధులవాళ్ల ఫోన్లలో కనిపించేలా వేద్దాం, పది రోజులు. ఆదివారం పేపర్లో చిన్నది ఒక్కటి. పెద్దవాళ్లు అదే చూస్తారు."

ఆరో రోజు ఆవిడే మట్టి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఆపేయండి మేడం! మొక్కలైపోయాయి, జనం ఇంకా వస్తూనే ఉన్నారు!"

కత్తెర మేడం నవ్వుతూ మిగిలిన నాలుగు రోజులూ కొట్టేసింది.