పసుపెక్కిన వంగమడి

మొన్న పక్కింటివాళ్లు కుండీల్లోకి ఆకులూ పేడా కలిపిన ఎరువు పోస్తుంటే ఆ పచ్చివాసన మా కిటికీలోంచి లోపలికొచ్చింది. కంచరపాలెంలో మా పక్కవాటా అప్పయ్యమ్మ పిన్ని గుర్తొచ్చింది. గేదెను సాకి పాలు పోసే ఆవిడ చేతులెప్పుడూ ఆ వాసనే వేసేవి.

ఎనభైల మొదట్లో, పోర్టులో పనిచేసే ఆయనతో పెళ్లయి గోదావరి జిల్లా నుంచి కాపురానికి వచ్చాను. మొదటి కడుపు నిలవలేదు. మళ్లీ నాలుగో నెల నడుస్తోంది. పెరట్లో అత్తగారు ఏళ్లుగా వేస్తున్న వంగమడిని నాకప్పగించారు. ఆ ఏడు అడుగు ఆకులన్నీ పసుపెక్కాయి, కాయలు గోలీలంత అయి రాలిపోయాయి. "దీని చెయ్యి తగిలింది ఏదీ నిలవదు" అన్నారు అత్తగారు. ఆ రోజునుంచి తెల్లారగానే మడి దగ్గరికి పరుగెత్తేదాన్ని. నిన్నటికన్నా ఒక్క ఆకు ఎక్కువ పండినా నా చెయ్యి పొట్టమీదికి పోయేది.

ఒకరోజు అక్కడే ఏడుస్తుంటే పిన్ని వచ్చింది. గుప్పెడు మట్టి తీసి నలిపింది. బూడిదలా రాలిపోయింది.

"ఒక్క వానపామైనా నేదు. నీ సెయ్యి కాదే అమ్మా, నేలకి ఆకలేత్తంది. ఏటేటా ఒకే సోట వంగే ఏత్తన్నారు. తీసుకోడవే గానీ దానికి పెట్టిందేటి?"

గొంతు తగ్గించి అంది: "మా ఊళ్లో మావూ బస్తా ఎరువు సల్లడవే గానీ పెంట తోలలేదు. పంట పడిపోతే మా కోడలి పాదం మంచిది కాదన్నాం. నానూ అన్నాను. పిల్ల పుట్టింటికెల్లిపోనాది. మరి రానేదు."

మొక్కలన్నీ పీకెయ్యమంది. అత్తయ్యగారు ఊరుకోరన్నాను. పిన్ని తనే పీకేసి, పెరట్లోకి వచ్చిన అత్తగారికి ఎదురు నిలబడింది. "వదినగారూ, తప్పు పిల్లది కాదు. మనదే."

అత్తగారు లోపలికి వెళ్లిపోయారు.

ఆ మడిలో నేలకు బలమిచ్చే పిల్లిపెసర చల్లాం. పూతకు రాగానే పేడతో కలిపి మట్టిలో తొక్కేశాం. అది కుళ్లినన్నాళ్లూ ఆ ఖాళీ నేలను చూస్తే నా చెయ్యి మళ్లీ పొట్టమీదికి పోయేది. ఏడో నెలలో మళ్లీ వంగ నారు నాటాం. ఆకు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతూ వచ్చింది. అయినా బిడ్డ ఏడుపు చెవిన పడేదాకా భయం నన్ను వదల్లేదు. అత్తగారు ఆ మాట మళ్లీ అనలేదు, పొరపాటయిందనీ అనలేదు.

ఇప్పుడు నాకూ కోడలుంది. ఇంట్లో ఏది చెడినా ముందు భయమేస్తుంది, ఆ వెంటనే ఎవరిదో తప్పన్న మాట నోటిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, పిన్ని అడిగినట్టు, మేం పెట్టనిదేమిటో వెతుక్కుంటాను. భయం నాతోనే ఉంది. దాన్ని ఇంకొకరి నెత్తిన మాత్రం పెట్టను.