తండ్రి ఉండగా తీసిన మీసం

నా చిన్నప్పుడు మా నాన్న చావును నా మీసానికి అంటగట్టారు. నాకు అప్పటికి పదిహేనేళ్ళు. మీసమంటే మీసం కూడా కాదు, పైపెదవి మీద నూగు. దాన్ని నేను మా నాన్న రేజరుతో తీసేసుకున్నాను. ఆ తర్వాత తొమ్మిదో రోజున ఆయన పోయారు. ఈ రెండూ జరిగిన మాట నిజం. మొదటిదాని వల్ల రెండోది జరిగిందన్నది అబద్ధం. ఆ అబద్ధాన్ని నేను ముప్పై ఏళ్ళకు పైగా మోశాను.

మావైపు తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదంటారు. తండ్రి పోయాక పదో రోజున, రేవు దగ్గర, తలతోపాటు మీసం తీయిస్తారు. అందుకే కుర్రవాడి పెదవి బోసిగా కనిపిస్తే పెద్దవాళ్ళకు ముందు ఆ రోజే గుర్తుకొస్తుంది. ఇది నాకు తెలియక కాదు. నేను తీద్దామనుకున్నది గడ్డం కింద మొలిచిన నాలుగు వెంట్రుకలే.

ఆ రేజరు మా నాన్న రామచంద్రపురంలో కొన్నారు. కొన్న రోజు నేను పక్కనే ఉన్నాను. కొట్టాయన మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి పల్చటి రేకుది, ఒకటి దువ్వెనలా పళ్ళున్నది, ఒకటి ఇత్తడిది. నాన్న ఒక్కొక్కదాన్నీ విప్పి, మూతా పళ్ళెం పిడీ విడదీసి, బ్లేడు పెట్టించి మళ్ళీ బిగించి, అంచు రెండు వైపులా సమానంగా బయటికొస్తోందో లేదో వెలుతురులో ఎత్తి చూశారు. రేకుదానికి ఒక పక్క ఎక్కువొచ్చింది. పళ్ళది వేలి మీద నిలబెడితే తల బరువుకి పడిపోయింది. ఇత్తడిది తీసుకున్నారు. "నీకు గడ్డం వచ్చాక ఇది నీదేరా" అన్నారు, సైకిలు మీద ఇంటికొస్తూ.

మరుసటి ఏడు ఆయనకు జ్వరం పట్టుకుంది. వారమైనా దిగలేదు. ఎప్పుడూ నున్నగా ఉండే మనిషి మాసిన గడ్డంతో మంచంలో పడి ఉంటే చూడలేక, నేనే గీద్దామనుకున్నాను. ముందు నా మీద నేర్చుకోవాలి కదా. పెరట్లో అద్దం ఆనించుకుని నురగ రాసుకున్నాను. నురగ పెదవి మీదికీ పాకింది. భయంతో చెయ్యి గట్టిగా నొక్కాను. ఒక పక్క నూగు పోయింది. సమం చేద్దామని రెండో పక్క లాగాను. ఇక మిగిలిందేమీ లేదు.

నాన్న చూసి నవ్వారు. అంత జ్వరంలోనూ నవ్వారు. "ఏం కాలేదులేరా, ఉన్నాను కదా" అన్నారు. అదే సమయానికి మా మేనత్త జావ పట్టుకుని లోపలికొచ్చింది. ఆవిడ నాన్నకు చెల్లెలు. తల్లి లేని పిల్లని నాన్నే చంకనెత్తుకుని పెంచారు. నా మొహం చూడగానే గిన్నె కింద పెట్టేసి, "నాన్న ఉండగా మీసం తీశావేంట్రా" అంది. అంతే అంది. తొమ్మిదో రోజు తర్వాత మాత్రం ఆవిడ ఏడ్చిన ప్రతిసారీ ఆ ఏడుపులో నా మీసం వచ్చేది. వచ్చిన చుట్టాలకల్లా ఆ కథ తెలిసిపోయింది. మా అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా నాకు అన్నట్టే వినిపించింది.

ఆయన పోయిన పదో రోజున నన్ను గోదావరి రేవుకి తీసుకెళ్ళారు. మా వీధంతటికీ క్షవరాలు చేసే తాత నా ఎదురుగా కూర్చున్నాడు. నాన్న రేజరు కొన్నాక ఆయనకు మా ఇంట్లో గడ్డం పని పోయింది, తలపని మిగిలింది. నా తల గీయడం అయ్యింది. ఇక మీసం అనేసరికి మేనత్త గట్టు మీంచి, "వాడికి తీయడానికింకేం ఉంది? తొందరపడి ముందే తీసుకు కూర్చున్నాడుగా" అంది.

తాత నా పెదవి తడిపాడు. కత్తి ఆనించి, ఒక నిండు మీసం తీయడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ గీశాడు. తర్వాత అరచెయ్యి పెద్దల వైపు చాపాడు. అందులో చిటికెడు నల్లటి వెంట్రుకలున్నాయి.

"మొన్న పోయింది నూగండి. ఆ రేజరుకి అంతకంటే అందదు. మీసం ఇదిగోండి, ఇప్పుడు తీశాను."

అవి నా తల వెంట్రుకలు. నా ఒళ్ళోంచి ఆయన తీసుకోవడం నేను చూశాను. చెప్పేద్దామని నోరు తెరవబోతే గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి, "కదలకండి బాబూ, తెగుద్ది" అన్నాడు. పెద్దల్లో ఒకాయన "సరే, కానివ్వండి" అన్నారు. కార్యం ముందుకు సాగింది.

నెల పోయాక తాతని అడిగాను, ఎందుకు అబద్ధం ఆడావని. "మీ తప్పు లేదని చెప్పడానికి ఆ గట్టు మీద నా మాట చెల్లదు బాబూ. నా కత్తి చెల్లుద్ది" అన్నాడు. తర్వాత నాన్న రేజరు తెమ్మన్నాడు. నొక్కవద్దని, దాని బరువే చాలని, వెంట్రుక ఎటు వాలిందో ముందు వేలితో తడిమి అటే పోనివ్వమని, పెదవి దగ్గర ఊపిరి బిగబట్టమని, అయ్యాక పటిక రుద్దుకోమని, అన్నీ తన చేత్తో నా చెయ్యి పట్టుకుని నేర్పాడు. తనకు పని పోగొట్టిన వస్తువు మీదే నేర్పాడు.

ఆ ఏడాదితో నా చదువు ఆగి, చేలో దిగాను. కానీ మేనత్త మాట మాత్రం నన్ను వదల్లేదు. గ్రంథాలయంలో దొరికిన ధర్మశాస్త్రాలన్నీ కూడబలుక్కుంటూ చదివాను. పెద్ద పెద్ద పండితులను పట్టుకుని, కొడుకు మీసం తీస్తే తండ్రి పోతాడని ఎక్కడ రాసుందో చూపించండని నిలదీశాను. ఒక్కరూ ఒక్క వాక్యం చూపించలేదు. నాన్నకు మందిచ్చిన కాంపౌండరు గారు మాత్రం అది టైఫాయిడ్ అని, పేగుల్లో పుండు పడిందని, ఎవరేం చేసినా ఆగేది కాదని చెప్పారు. అది నా పదిహేనో ఏట ఇంట్లో పదిమందికి ఎవరైనా చెప్పి ఉంటే ఏం పోయేది? ఆ కోపం నాకు ఈ రోజుకీ చల్లారలేదు, చల్లారాలని కూడా నేననుకోవడం లేదు.

ఈమధ్య మా మనవడు ఫోనులో రకరకాల రేజర్లు చూపించి, ఏది కొనుక్కోమంటావు తాతయ్యా అన్నాడు. బరువున్నది కొను, నొక్కకు అన్నాను. మిగతాది వాడి చెయ్యి పట్టుకుని నేర్పాను. వాడి మీసం వాడిష్టం. అంతకంటే ముఖ్యంగా నాకు ఆ రేవులో అబ్బిందొకటుంది. ఎవరింట్లో మనిషి పోయినా, ఎవరి వల్ల పోయాడన్న గుసగుసలు మొదలైతే, ఆ గుసగుసలు ఎవరి మీదనో ముందు కనుక్కుంటాను. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను. కార్యం అయ్యేదాకా లేవను.

మేనత్తను మాత్రం అడగకుండా చాలా ఏళ్ళు గడిపాను. నాకు యాభై దగ్గరపడ్డాక, ఆవిడ మంచాన పడిందని తెలిసి వెళ్ళాను. గదిలో ఇద్దరమే ఉన్నాం. అత్తా, నాన్న నా వల్లే పోయాడని నువ్వు నిజంగా నమ్మావా అని అడిగాను. ఆవిడ పైకప్పు కేసి చూస్తూ అంది.

"ఎవరో ఒకళ్ళ వల్ల పోయాడనుకోపోతే, ఊరికే పోయాడనుకోవాలి కదరా. అది నా వల్ల కాలేదు."