గెలిస్తే మామిడి ముక్క

అనీసా టీచర్‌కి కుర్చీ వేయడం దండగ. మా బడికి వాలంటీరుగా వచ్చిన మొదటి రోజే దాన్ని గోడవారకు జరిపేసి, "ఇది కాళ్లకు అడ్డమొస్తుంది సార్" అంది. అప్పట్నుంచి దాని మీద చాక్‌పీసుల డబ్బా దర్జాగా కూర్చుంటోంది. నేను హెడ్మాస్టర్ని, పేరు జయప్రకాశ్, సొంతూరు కల్లూరు. కూర్చుని చెప్పేదే పాఠమని నమ్మినవాణ్ని. ఆమె వచ్చాక నా నమ్మకంతోపాటు మధ్యాహ్నపు కునుకు కూడా పోయింది.

అనీసాది ఖమ్మం. తండ్రి మక్సూద్‌కు అక్కడ పండ్ల కొట్టు ఉంది. బీఎడ్ చేసిన కూతురు ఇంటి దగ్గరే ఏదో ఒక ప్రైవేటు స్కూల్లో చేరితే బాగుండునని ఆయన కోరిక. ఈమె మాత్రం మండల కేంద్రంలో గది కిరాయికి తీసుకుని, భద్రాచలం అడవి అంచున, బస్సు కూడా ఆలోచించుకుని వచ్చే మా కోయగూడేనికి రోజూ స్కూటీ మీద ఊడిపడేది.

ఆమె ఇంగ్లీషు పాఠమంటే పరుగు పందెమే. ఒక్కో పిల్లకు ఒక్కో మాట ఇచ్చేది. ఒకరు 'ది', ఒకరు 'గోట్', ఇంకొకరు 'ఈజ్', మరొకరు 'ఈటింగ్'. వరసలో నిలబడితే మేక మేస్తున్నట్టు. "ప్రశ్న!" అని ఆమె అరవగానే 'ఈజ్' అయిన జగదీష్ ఉరికొచ్చి అందరికంటే ముందు నిలబడాలి. 'నాట్' పిల్ల మధ్యలో దూరిందంటే ఆ పూట మేకకు పస్తే. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, దాని మీద ఈ ఇంగ్లీషు. మూడింటి మధ్య పిల్లలు ఎగిరి గెంతుతుంటే నాకు తలనొప్పి వచ్చేది. మానమని చెబుదామంటే, పాపిష్ఠి పిల్లలు తప్పు లేకుండా మాట్లాడేవారు.

మార్చిలో పిడుగులాంటి కబురు. వాలంటీర్లను తగ్గిస్తారట. మండల విద్యాధికారి నిర్మలాదేవి వచ్చి చూస్తారు, పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడితేనే అనీసా వచ్చే ఏడాది ఉంటుంది. లేదంటే ఇంటికే. ఆ కబురు విన్నాక ఆమెకు కాలు నిలవలేదు. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉంది.

"సార్, జీపు సప్పుడు వినొస్తలేదా?"

"అది పిండి గిర్నీ సప్పుడమ్మా. జర కూసో."

కూర్చుంటే అనీసా ఎందుకవుతుంది? ఆమెను చూసి నాకూ చెమటలు పట్టాయి.

అధికారి వచ్చే రోజు పొద్దున తండ్రి కొట్టు నుంచి సంచెడు పచ్చి మామిడికాయలు తెప్పించింది. ఆ ఏడాదికి అవే తొలికాయలు. ముక్కలు కోసి ఉప్పూ కారం చల్లి, పళ్లెం బల్ల మీద పెట్టింది. "ఇయ్యాల గెలిచినోళ్లకు నా చేత్తోని ముక్క ఇస్త!" అని ప్రకటించింది. నా నోట్లో నీళ్లూరాయి. పిల్లల్లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. భయపడుతున్నారనుకున్నాను.

నిర్మలాదేవి వచ్చారు. మాటలు పంచడం అయింది. "ప్రశ్న!" అంది అనీసా. జగదీష్ కదల్లేదు. అందరికంటే ముందు నోరు విప్పే ఐదో తరగతి చాంది పళ్లెం వైపు ఒకసారి చూసి తల దించుకుంది. మేడం తానే ఇంగ్లీషులో పేరడిగారు. అందరూ చాందిలాగే తలలు దించారు. అనీసా ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తింది. "ఏమైందిరా? నిన్న గంతగనం ఉరికిండ్రు గదా!" బతిమాలింది, కసురుకుంది, మళ్లీ బతిమాలింది. మేడం పెన్ను మూసి లేచారు. నాకైతే అందరినీ వరసగా నాలుగు తగిలిద్దామన్నంత కోపం వచ్చింది.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న మేడంను కూడా పట్టించుకోకుండా అనీసా చాంది ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"నా మీద కోపమొచ్చిందా బిడ్డా?"

చాంది కళ్లనిండా నీళ్లు. "కోపం కాదు టీచర్. మా ఊర్ల ఇంక మామిడి పండుగ కాలే. వేల్పులకు పెట్టకముందు మేం కాయ ముట్టం. గెలిస్తే మీరు ముక్క ఇస్తరు. మీరు చేత్తోని ఇస్తే వద్దని ఎట్ల అంటం? అందుకే అందరం ఓడిపోదామనుకున్నం."

తగిలిద్దామనుకున్న చేతిని జేబులో దాచుకున్నాను. మేడం చెప్పులు మళ్లీ విప్పారు. "ఆ పళ్లెం బయట పెట్టండి సార్" అన్నారు నాతో. తర్వాత పిల్లల వైపు తిరిగి, "ఏదీ, ఇప్పుడు ఆడండి" అన్నారు.

అంతే, గది దద్దరిల్లింది. మేక మేసింది, మేయలేదు, మేస్తుందా అని అడిగింది కూడా. ఉరికొచ్చిన జగదీష్ మేడం కాలు తొక్కేశాడు. ఆవిడ నవ్వుతూనే పక్కకు జరిగారు. వెళ్లేటప్పుడు, "ఈ అమ్మాయినే ఉంచమని రాస్తాను, ఫికరు పడకండి" అన్నారు.

నేను జీపు దాకా వెళ్లి సాగనంపి, గాలి పీల్చుకుని వచ్చాను. అనీసా ఎగిరి గంతేస్తుందనుకుంటే గది మధ్యలో పాలిపోయిన మొహంతో నిలబడి ఉంది.

"నిజం చెప్పండి," అంటోంది పిల్లలతో. "వచ్చిన కాంచి మీకు ఏవేవో పెడుతున్న. వద్దనలేక ముట్టగూడనివి ఎవరెవరు తిన్నరు?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చాంది మెల్లగా చెయ్యెత్తింది. దాని వెనకే ఇంకో రెండు చేతులు లేచాయి.