ఒంటి పుస్తె

మా అల్లుడు లబాసా టౌనులో తాకట్టు కొట్టు పెడతాడట. మొన్న ఇంటికొచ్చి, "దుకాన్ పెడితే ఫాయిదానా, నుక్సానా అత్తా?" అని అడిగాడు. ఈ కాలం పిల్లలకు లాభం, నష్టం అన్న మాటలు కూడా తెలుగులో రావు. నన్నే ఎందుకడిగాడంటే, గిర్మిట్ రోజుల్లో, అంటే ఒప్పందం మీద కూలీలను ఓడల్లో ఈ దీవులకు తెచ్చే రోజుల్లో, మా ఆయనా నేనూ అలాంటి కొట్టే నడిపాం. ఆలోచించి చెబుతానని టీ ఇచ్చి పంపేశాను. ఎదురుగా కూర్చుని చెప్పాలంటే నాకు నోరు రాదు. మా నాన్న వీధిబడి పంతులు, నాకు రాయడం వచ్చు. అందుకని రాస్తున్నాను.

ముందు లాభాలు చెబుతాను. మా ఆయన కూడా ముందు అవే చెప్పాడు మరి. అప్పటికి మా అయిదేళ్ల ఒప్పందం తీరి ఖులా అయ్యాం. ఖులా అంటే ఇక ఎవరి కిందా లేని మనిషి. తెల్లారకముందే ఓవర్సీరు దొర వచ్చి తలుపు తన్ని లేపడు. చెరుకు కూలీలుండే లైన్లకు కూతవేటు దూరంలో రేకుల కొట్టు వేసుకుని బియ్యం, ఉప్పు, పొగాకు అమ్ముకునేవాళ్లం. ఒకరోజు ఆయన అన్నం ముందు కూర్చుని మొదలుపెట్టాడు.

"సెరుక్కి వాన కావాల, దీనికి అక్కర్లేదు. తుపానొస్తే సెరుకు పడిపోతాది, బంగారం పడిపోదు. ఒంగక్కర్లేదు, ఒకడి సేత తన్నులు తినక్కర్లేదు. ఆపదలో ఉన్నోడికి సాయం సేసినట్టూ ఉంటాది. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం."

ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అల్లుడికి కూడా ఇవన్నీ నిజమేనని చెబుతాను.

పెట్టుబడి మాత్రం మాది కాదు. లబాసాలో ఒక కంసాలి ఉండేవాడు, ఉత్తరాది మనిషి, హిందీ మాట్లాడేవాడు. డబ్బు అతనిది, కొట్టు మాది. గడువు దాటిన నగను అతను పట్టుకుపోయి కరిగించుకుంటాడు, మాకు వాటా ఇస్తాడు. ఎవరి నగ, ఎప్పటిలోగా విడిపించుకోవాలి అన్నది చిన్న కాగితం మీద రాసి నగకు దారంతో కట్టడం నా పని. నా చదువు చివరికి అందుకు పనికొచ్చింది.

నష్టాలు మెల్లగా తెలిశాయి. అంతకుముందు ఆదివారం పూట లైన్ల ఆడవాళ్లు మా గుమ్మంలో కూర్చుని ఒకరికొకరు పేలు చూసుకుంటూ కబుర్లు చెప్పేవారు. తాకట్టు మొదలయ్యాక ఎవరికి వారే ఒంటరిగా రాసాగారు. చల్లకొచ్చి ముంత దాచినట్టు పిడికెడు ఉప్పడిగి, కాసేపు నిలబడి, ఆఖరికి కొంగుముడి విప్పేవారు. నగ విడిపించుకుపోయాక నా ముఖం చూసేవారు కాదు. వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగని రోజు ఏదో నాకు తెలుసు కదా, నన్ను చూస్తే అది గుర్తొచ్చేది. మగవాళ్లు యాంగోనా అనే మత్తు వేరు రసం తాగుతూ మా ఆయన్ని "సేటూ" అని వెక్కిరించేవారు. ఆయనకది వెక్కిరింత అని కూడా తెలియలేదు, మురిసిపోయేవాడు.

ఇలా వచ్చిన వాళ్లలో ఒకామె నాతో ఒకే ఓడలో వచ్చింది. ఒకే ఓడ దిగిన వాళ్లను ఇక్కడ జహాజీలంటారు, తోడబుట్టిన వాళ్ల కింద లెక్క. ఓడలో నాకు జ్వరమొచ్చి తల ఎత్తలేకపోతే నా వాంతులు ఎత్తిపోసింది ఆమే. నాకంటే చిన్నది, నన్ను అప్పా అని పిలిచేది. ఆమె మొగుడికి దగ్గు పట్టుకుంది. పనికి వెళ్లని రోజులన్నీ ఒప్పందానికి కలిపి పొడిగించేవారు కాబట్టి, మేం ఖులా అయినా వాళ్లు ఇంకా లైన్లలోనే ఉండిపోయారు. ఈ దీవుల్లో వానలు దంచే మాఘంలో అతను పూర్తిగా మంచమెక్కాడు. పనిలేనివాడికి కూలి లేదు. ఆమె ఒక్కతి కూలితో ఇద్దరి కడుపులూ నిండలేదు.

అప్పుడు మా కొట్టుకొచ్చి మెడలోంచి ఒకే ఒక్క పుస్తె తీసి బల్ల మీద పెట్టింది. మన పెళ్లిలో పుస్తెలు రెండుంటాయి కదా, ఒకటి పుట్టింటివాళ్లు పెట్టేది, ఒకటి అత్తింటివాళ్లు పెట్టేది.

"ఇది మా అత్తింటోరిది. పుట్టింటిది మెడలో ఉంచుకుంటాను. బోసిమెడతో ఉండలేను కదప్పా" అంది నాతో.

"ఎప్పుడికి ఇడిపిస్తావు?" అని అడిగాడు మా ఆయన.

"కార్తీకం ఎల్లేలోగా, బావా. అప్పుడికి సెరుకు కోత డబ్బులుంటాయి."

నేను కాగితం మీద అదే రాశాను, కార్తీకం వెళ్లేలోగా అని. ఖాళీ అయిన చోట పసుపు కొమ్ము కట్టుకుని, బియ్యం తీసుకుని వెళ్లింది.

కోతల కాలం వచ్చింది. ఆమె ఇద్దరి పని చేసిందని లైన్లలో చెప్పుకునేవారు. మొగుడు మాత్రం కోలుకోలేదు. ఇక పనికిరాడని డాక్టరు రాసిచ్చాడు. అలాంటి వాళ్లను తిరుగు ఓడలో ఊరికే పంపించేసేవారు. దీపావళి వెళ్లిన నాలుగు రోజులకు ఆమె ఆ కబురు చెప్పడానికి వచ్చింది. అమావాస్య దాటాక సువా వెళ్లి, అక్కడ మద్రాసు ఓడ ఎక్కాలి.

"డబ్బు ఇంకా కొంచెం తగ్గింది, నెలాఖరుకి తెచ్చేత్తాను. అది మాత్రం జాగర్తప్పా" అంది. "ఈ మనిషి ఓడలోనే పోతే నాను ఒక్కదాన్నే అత్త గుమ్మంలో నిలబడాల. దీవులకెల్లిన ఆడది మొగుణ్ణి మారుస్తాదని మా ఊల్లో అంటారు. నా కొడుకునొగ్గేసి ఎవుడితోనో తిరిగొచ్చావంటాది మా అత్త. ఆ పుస్తె ఎనకాల మూడు సుక్కలు కొట్టించింది ఆవిడే. అది సూపిత్తే నోరు మూస్తాది. నాకింకే సాచ్చికం ఉంది?"

నేను తల ఊపాను. విన్నాను, అర్థమైంది కూడా. తర్వాత జరిగింది తెలియక జరిగిందని ఎవరూ అనుకోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

కార్తీక పున్నమి వెళ్లిన మర్నాడు కంసాలి గుర్రమేసుకుని వచ్చాడు. ఎవరింట్లోనో పెళ్లి, గొలుసు చేయాలి, బంగారం చాల్లేదు. పెట్టె తీసి ఒక్కొక్క నగకూ గడువు చదవమన్నాడు. ఆ ఒంటి పుస్తె దగ్గరికి వచ్చేసరికి, కార్తీకం వెళ్లేలోగా అని చదివాను. అతను నవ్వి, "కార్తిక్ తో కల్ ఖలాస్ హోయ్ గయా, భౌజీ" అన్నాడు. కార్తీకం నిన్నటితో అయిపోయింది కదా వదినా అని.

అతని లెక్కలో అయిపోయింది నిజమే. ఉత్తరాది వాళ్లకు నెల పున్నమికి వెళుతుంది. మనకు అమావాస్యకు వెళుతుంది. ఇంకా పదిహేను రోజులుంది. కంసాలికి ఆ సంగతి తెలియదు, అతన్ని నేనేమీ అనను. మా ఆయనకు తెలుసు. ఆయన నా వైపు చూశాడు. నేను గంజి వారుస్తున్నాను. ఆ వారం ఒక ఆవు బేరానికి వచ్చింది. ఈ వాటా చేతికొస్తే ఆవు మాదవుతుంది. అయిదేళ్లు మంది చెరుకు నరికాను, నా వాకిట్లో నాదంటూ ఒక ఆవు ఉండాలని నాకు పిచ్చి ఆశగా ఉండేది. "మా నెల ఇంకా పదిహేను రోజులుంది" అంటే సరిపోయేది, అయిదు మాటలు. తేలు కుట్టిన దొంగలా గంజి వారుస్తూనే ఉన్నాను. కంసాలి పుస్తె జేబులో వేసుకున్నాడు. కాగితం విప్పి బల్ల మీద పడేసి వెళ్లాడు.

అమావాస్య నాటి మధ్యాహ్నం ఆమె వచ్చింది. ఆ పూట పనికి సెలవు పెట్టుకుంది, మర్నాడే వాళ్లు సువా వెళ్లే పడవ ఎక్కాలి. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, డబ్బు గుడ్డలో మూటకట్టి తెచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని అరటి దొప్పలు కోస్తున్నాను. ఆమె మూట బల్ల మీద పెట్టింది. మా ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"గడువు దాటిపోయింది కదా. కంసాలి పట్టుకుపోయాడు, కరిగించేశాడు" అన్నాడు.

"ఈ పొద్దుదాకా ఉంది కదా బావా."

"ఇక్కడోల్ల కార్తీకం పున్నానికే ఎల్లిపోతాది. అందరికీ ఒకటే లెక్క. కావాలంటే అలాటిదే కొత్తది సేయించి ఇత్తాను, నువ్వేటీ ఇవ్వక్కర్లేదు."

"కొత్తదా? కొత్త పుస్తె సూత్తే మా అత్త కొత్తోడు కట్టాడంటాది" అని, ఆమె నా వైపు తిరిగింది. "అప్పా, నిజిమేనా? నెల పున్నానికే ఎల్లిపోనాదా?"

నేను తలెత్తకుండా "ఇక్కడంతే" అన్నాను.

ఆమె నా ఒళ్లో ఉన్న దొప్పలు చూస్తోంది. కార్తీకమంతా దీపం పెట్టిన తెలుగు ఆడది, నెల వెళ్లిన మర్నాడు పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో వదులుతుంది. దాన్ని పోలిని స్వర్గానికి పంపడమంటాం. ఉత్తరాది వాళ్లకు ఆ పండగే లేదు.

"మరైతే రేపు పోలినంపడానికి దొప్పలెందుకు కోత్తన్నావప్పా?" అంది.

నేను కత్తి కింద పెట్టాను. ఆమె అరవలేదు, శపించలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నేనూ నాలుగంటూ ఏదో ఒక రకంగా తేలిపోయేదాన్ని. డబ్బు మూట తీసి కొంగున కట్టుకుని, ఉన్న ఆ ఒక్క పుస్తెనూ పసుపు కొమ్మునూ జాకెట్టు లోపలికి తోసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రేవుకు వెళ్లి సాగనంపాల్సింది నేనే, జహాజీని కదా. వెళ్లలేదు. తెల్లవారుజామున ఏటికి వెళ్లి దీపాలు మాత్రం వదిలాను. మానేస్తే ఎందుకు మానేశావని మా ఆయన అడుగుతాడేమోనని వదిలాను.

ఆ తర్వాత కొట్టు మూసేశామని రాస్తే వినడానికి బాగుంటుంది. మూయలేదు. చాలా ఏళ్లు నడిపాం. ఆవు కొన్నాం, అది పాలు బాగానే ఇచ్చింది. మా అల్లుడు పెట్టాలనుకుంటే పెట్టుకోవచ్చు, లాభం ఉంటుంది. పాపమంటావా, తిలా పాపం తలా పిడికెడు, కంసాలికింత, మా ఆయనకింత అని పంచి చూశాను. ఎన్నిసార్లు పంచినా నా పిడికిలిలోదే ఎక్కువగా ఉంటోంది, నెల ఎప్పుడు వెళుతుందో చీటీ రాసిన దానికి తెలుసు కనుక.

ఆమె ఊరి పేరు నాకు తెలుసు. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో ఆ చుట్టుపక్కల వాళ్లు చాలామంది దిగారు, ఒకతను సరిగ్గా ఆ ఊరివాడే. మా కొట్టుకొచ్చి పొగాకు కొనుక్కుని, గుమ్మంలో కూర్చుని ఊరి కబుర్లు చెప్పేవాడు. ఆమెను అత్త గడప తొక్కనిచ్చిందా అని నేను అతన్ని అడగలేదు. అడిగితే చెబుతాడు.