అబిదా చేతులు

గురజాల చుట్టుపక్కల దూదేకుల దావూద్ ఏకిన దూది, అతని భార్య అబిదా కుట్టిన బొంత లేని ఇల్లు తక్కువ. పెళ్ళయిన రెండో ఏడు, 1941లో, ఆమె సూది ఆగిపోయింది. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకునేవి కావు. కణుపులు ఉబ్బి ఎర్రబడేవి. నీళ్ళచెంబు రెండు చేతులా పట్టుకున్నా జారిపోయేది.

నాటుమందులయ్యాయి, తాయెత్తులయ్యాయి. ఈలోగా ఆమె నెల తప్పింది. నాలుగో నెలకల్లా వాపులన్నీ తగ్గిపోయాయి. జొన్నరొట్టెలు తట్టింది, బొంతలు కుట్టింది, చానాళ్ళకు గలగలా నవ్వింది.

"చూశావంట్రా! కడుపు పండితే ఆడదానికి ఏ రోగమూ ఉండదు" అంది దావూద్ తల్లి పీరాంబీ.

బిడ్డ పుట్టిన రెండు నెలలకు నొప్పులు తిరగబడ్డాయి. ఈసారి మోకాళ్ళకూ పాకాయి. కానీ తల్లి మాట దావూద్ మనసులో నాటుకుపోయింది. మందు దొరికిందనుకున్నాడు. పిల్ల ఇంకా పాలు తాగుతుండగానే మరో బిడ్డ సంగతి ఎత్తాడు.

"వొద్దయ్యా, నాకు భయంగా ఉంది" అంది అబిదా.

"భయమేందే? నీ నొప్పులు పోవొద్దూ?"

ఏడేళ్ళలో నాలుగు కానుపులు. మోసినన్నాళ్ళూ హాయి, కన్నాక నరకం. నాలుగో బిడ్డ దక్కలేదు. అబిదా వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి.

అప్పుడు దావూద్ ఆమెను రైలెక్కించి నరసరావుపేట తీసుకెళ్ళాడు. డాక్టరు ధనుంజయరావు ఆమె చేతులు చూసి, జరిగిందంతా అడిగి తెలుసుకున్నాడు.

"మన నెత్తుట్లో రోగాలతో పోరాడే తెల్లకణాలుంటాయి దావూదూ. ఈమెకు అవే కీళ్ళ మీద పడుతున్నాయని నా అనుమానం. కడుపుతో ఉన్నప్పుడు ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజన్ లాంటి హార్మోన్లు బాగా పెరుగుతాయి. అవి ఆ కణాలను కాస్త శాంతింపజేస్తాయేమో. కానుపవగానే ఆ హార్మోన్లు ఒక్కసారి పడిపోతాయి, జబ్బు మళ్ళీ లేస్తుంది. పుస్తకాలింకా తేల్చలేదనుకో. ఒకటి మాత్రం నిజం, కానుపు దీనికి మందు కాదు."



తిరుగు రైల్లో మాచర్ల వాళ్ళెవరో పక్కనే కూర్చుని ఉన్నా దావూద్ ఆగలేకపోయాడు. "నిన్ను నేనే పాడుచేశానే" అన్నాడు.

అబిదా కిటికీలోంచి మిరపచేల వైపు చూసింది.

"నొప్పులు తగ్గుతాయని నేనూ ఆశపడ్డా, అబద్ధమెందుకు? కానీ ఒకనాడు వొద్దన్నా. ఆరోజు నువ్వు ఇనలా."

ఆ తర్వాత ఆ ఇంట్లో మరో కానుపు మాట రాలేదు. రొట్టెలు దావూదే తట్టాడు. వీధిలో ఆడవాళ్ళు నవ్వినా ఆమె తల దువ్వాడు, జడ వేశాడు. బొంతలు కుట్టడమూ నేర్చుకున్నాడు. అబిదా పక్కన కూర్చుని, "ఏందయ్యా ఆ వంకర కుట్టు? విప్పు" అని కసిరేది. అతను మారు మాట్లాడకుండా విప్పేవాడు. ఆమె ఓర్చుకుని ఊరుకున్న రోజుల్లో అతనికి అన్నం సయించేది కాదు. కసిరిన రోజున మాత్రం కాస్త ఊపిరాడేది.