చక్రాల కొలతకు బరువు నేనే

మా మనవరాలు కార్ల షెడ్డులో పనిచేస్తుంది. ఇన్నాళ్లూ దాని చేత నట్లు బిగించడం, పంక్చర్లు వెయ్యడమే చేయించారు. దానికేమో ఏ కారుకు ఏ చక్రం నప్పుతుందో తేల్చే పని కావాలి. చివరికి ఓనరు ఒప్పుకున్నాడు.

"నీ పాత కారుకి కొత్త చక్రాలు నువ్వే ఎంచి బిగించు. టైరు ఎక్కడా రాసుకోకపోతే ఆ పని నీదే."

ఆ కారును అది ముందే స్ప్రింగులు మార్చి నేలకు దించేసింది. అందులో నేను ఎక్కడమంటూ ఉండదు, పడ్డమే.

ఆఫ్‌సెట్ అని ఒక లెక్కుందట. అది పెరిగితే చక్రం లోపలికి పోతుందట, తగ్గితే బయటికొస్తుందట. నాకు ఏది పెరిగినా బయటికే వస్తుంది మరి!

"అమ్మమ్మా, వెనక సీట్లో కూర్చో. బరువు పడ్డాక టైరుకీ దాని పైనున్న రేకుకీ సందెంతో చూడాలి."

"ఇసక బస్తా దొరకలేదటే?"

"బస్తా చెప్పిన మాట వింటుంది గానీ, దాన్ని మొయ్యాలిగా. కూర్చో."

కూర్చున్నాను. కారు కుయ్యిమని కుంగింది. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. తలుపు తెరిచే ఉంది కదా, సీటు అంచుకు జరిగి, ఒక కాలు రోడ్డు మీద పెట్టి బరువంతా దాని మీద మోపాను. కారు లేచింది. అవతలి చక్రం దగ్గర వంగి ఉన్న మనవరాలు నన్ను చూడలేదు.

"బోలెడు సందుంది! ఇంకాస్త బయటికొచ్చే చక్రమే వేస్తా" అని మురిసిపోయింది.

ఓనరు నడిపి చూసే రోజున నేనూ తయారయ్యాను. వెనక సీటు నిండా కూర్చున్నాను. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే గర్‌ర్‌మంది.

ఓనరు కారాపాడు. "రాసుకుంటోంది. నట్లే బిగించుకో అమ్మాయ్."

"కొలిచాను సార్..." అంది మనవరాలు.

నేను ముందుకు వంగి అన్నాను: "దాని తప్పేం లేదు బాబూ. అది కొలిచేటప్పుడు నా కాలొకటి రోడ్డు మీదుంది."

"ఎందుకు మామ్మగారూ?"

"ఎదురింటావిడ చూస్తోందని."

ఓనరు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. తర్వాత మనవరాలి వైపు తిరిగాడు. "కొలిచేదానివి, బరువు పడిందో లేదో చూసుకోవద్దూ? దిగు, మళ్లీ కొలువు."

నడిరోడ్డు మీద, రెండు కాళ్లూ లోపల పెట్టుకుని, నా నిండు బరువుతో కూర్చున్నాను. అది వేళ్లు దూర్చి చూసి, ఆఫ్‌సెట్ ఎక్కువున్న చక్రం కావాలంది. షెడ్డుకెళ్లి మార్చింది. అదే స్పీడ్ బ్రేకర్ మళ్లీ ఎక్కాం. చప్పుడు లేదు.

పని దానికొచ్చింది. నాకూ వచ్చింది. నేలకు దించిన కారు షెడ్డుకొస్తే నన్నే పిలుస్తుంది. తలుపు మాత్రం తనే వేస్తుంది.